డిస్క్ గోల్ఫ్ బ్యాగులో ఏ డిస్కులు పెట్టుకోవాలి? కొత్తవాడికి సలహా కావాలి

ప్లేనో_కొత్తోడు
అందరికీ నమస్కారం. ఈ వసంతంలోనే ఈ ఆట (గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు డిస్కుల్ని చైన్ల బాస్కెట్‌లోకి విసరాలి) మొదలుపెట్టాను. ఆఫీసువాళ్లు లాక్కెళ్లారు, ఇప్పుడు శని ఆదివారాలు పార్కులోనే గడిచిపోతున్నాయి. ఉన్నది స్టార్టర్ సెట్టే: ఒక పట్టర్ (దగ్గర విసురులకి), ఒక మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి), ఒక డ్రైవర్ (ఎక్కువ దూరానికి). పుట్టినరోజుకి మావాళ్లు పద్దెనిమిది డిస్కులు పట్టే బ్యాగు కొనిచ్చారు. మూడింటితో అది బోసిగా ఉంది. బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా తెచ్చి విసరడం) బాగా కుదిరితే 200 అడుగులు పోతుంది. మా కోర్సులో సగం చెట్లు, సగం బయలు, మధ్యలో వాగు, పైన టెక్సస్ గాలి. ఎన్ని కొనాలి? ఏవి? ఎంత బరువు? సెకండ్ హ్యాండ్ ఫర్వాలేదా? ఇంకోటి, మా ఆవిడ కూడా వస్తానంటోంది. తనది ఎడమచేతి వాటం. తనకి వేరే డిస్కులు ఉంటాయా?

రాలీ_రఘు
వెల్కమ్ బ్రదర్. ఎక్కువ ఆలోచించకు. స్టార్ అనే మంచి రకం ప్లాస్టిక్‌లో డెస్ట్రాయర్ అనే డ్రైవర్ ఒకటి తీసుకో, 175 గ్రాములు. ప్రోల బ్యాగుల్లో ఏళ్ల తరబడి ఉన్న డిస్క్ అది. ఎప్పటికైనా అక్కడికే రావాలి కదా, ముందే అలవాటు చేసుకో.

షార్లెట్_సుబ్బు
రఘు గారూ, పాపం కొత్తగా వచ్చాడు, వదిలెయ్యండి. డెస్ట్రాయర్ మీద 12, 5, మైనస్ 1, 3 అని రాసి ఉంటుంది. వేగం, గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్ (కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి మొదట్లో కుడికి తిరగడం), ఫేడ్ (చివర్లో ఎడమకి వాలడం). మొదటి అంకె 12 అంటే ఆ వేగంతో విసిరితేనే మిగతా మూడు అంకెలూ నిజమవుతాయి. 200 అడుగుల చేతికి ఆ మైనస్ 1 కనబడనే కనబడదు, చివరి 3 ఒక్కటే కనబడుతుంది. అంటే కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి విసిరిన కాసేపటికే ఎడమకి తిరిగి పొదల్లోకి పోతుంది. అంచు వెడల్పే 2.2 సెంటీమీటర్లు, కొత్త చేతికి పట్టు కూడా దొరకదు.

నేను ఇరవై ఏళ్లకి పైగా ఆడుతున్నాను. పీడీజీఏ (ఈ ఆట సంఘం) నంబర్లు ఇంకా ఐదంకెల్లో ఉన్నప్పటి సభ్యుణ్ని. మా ఊరి హార్నెట్స్ నెస్ట్ కోర్సులో నన్ను ఎరగనివాళ్లు తక్కువ. నా మాట విని ఏవియార్ (పట్టర్) ఒకటి, రాక్ (మిడ్‌రేంజ్) ఒకటి, లెపర్డ్ (డ్రైవర్) ఒకటి కొనుక్కో. మూడూ డీఎక్స్ అనే చవక ప్లాస్టిక్‌లోనే, ఒక్కోటి పది డాలర్ల చుట్టూ వస్తుంది. ఆ మూడూ చేతికి లొంగేదాకా నాలుగోది ముట్టుకోకు.

రాలీ_రఘు
ఐదంకెల నంబరు అయితే? నేను మొదటి వారం నుంచీ డెస్ట్రాయరే విసురుతున్నాను. ఇప్పుడు 400 అడుగులు.

షార్లెట్_సుబ్బు
400 అడుగులా? ఎక్కడ కొలిచారు?

రాలీ_రఘు
యూడిస్క్ యాప్‌లో. మా పార్కు ఏడో హోల్.

కేరీ_కిరణ్
ఏడో హోలా? అది కొండ మీంచి కిందికి కదా అన్నా :)

రాలీ_రఘు
కొంచెం పల్లం. కొంచెమే. నువ్వెప్పుడు వచ్చి చూశావ్?

కేరీ_కిరణ్
పోయిన ఆదివారం మీ వెనక గ్రూపు మాదే. మీరు డిస్క్ వెతకడం అయ్యేదాకా నిలబడ్డాం. రూల్ ప్రకారం వెతకడానికి మూడు నిమిషాలే.

రాలీ_రఘు
సరే, నాకెందుకు ఈ గొడవ. కొత్తోడా, నీ ఇష్టం.

పద్మజ_టాంపెరే
డెస్ట్రాయర్ గొడవ ఎక్కడికి పోయినా ఇదే. ఇక్కడ ఫిన్లాండ్‌లోనూ ఇదే. ఒక్క సంగతి మాత్రం చెప్పనివ్వండి. సుబ్బు గారు డీఎక్స్ అన్నారు. ఎండ దేశంలో బాగానే ఉంటుంది గానీ చెట్లున్న కోర్సులో అది పదిసార్లు మాను తగిలితే మారిపోతుంది. నేరుగా పోయేది కుడికి తిరగడం మొదలెడుతుంది. చేతి తప్పో డిస్క్ తప్పో కొత్తవాళ్లకి తెలియదు. అందుకే పట్టర్ ఒక్కటి చవక ప్లాస్టిక్‌లో (పట్టు బాగుంటుంది, చైన్లకి అతుక్కుంటుంది), మిగతావి మంచి ప్లాస్టిక్‌లో తీసుకోండి. పద్దెనిమిది, ఇరవై డాలర్లవుతుంది, కానీ ఏళ్లు వస్తాయి.

చలిలో కథ వేరు. గట్టి ప్లాస్టిక్ రాయిలా అయిపోతుంది, వేళ్లలోంచి జారిపోతుంది. జనవరిలో మేము మెత్తవే విసురుతాం, అడుగున ఒక రిబ్బన్ అతికించి. లేకపోతే మంచులో దూరినది ఏప్రిల్‌కి గానీ బయటపడదు.

షార్లెట్_సుబ్బు
డీఎక్స్ మారిపోవడమే దాని గొప్పతనం అమ్మా! కెన్ క్లైమో పన్నెండు సార్లు ప్రపంచ ఛాంపియన్, 1990 నుంచి వరసగా తొమ్మిది. ఆ కాలంవాళ్లంతా చేసింది అదే. కొత్త రాక్ ఎడమకి వాలుతుంది, ఒక సీజన్ నలిగిన రాక్ తిన్నగా పోతుంది, బాగా దెబ్బతిన్న రాక్ కుడికి తిరుగుతుంది. ఒకే డిస్క్, మూడు వయసులు, మూడు రకాల విసురులు. చేతికి మాత్రం మూడూ ఒక్కలాగే తగులుతాయి. ఈ కాలం పిల్లలు ఇరవై రకాలు మోస్తారు, ఒక్కటీ తెలియదు.

పద్మజ_టాంపెరే
"ఈ కాలం పిల్లలు" అంటే సంతోషమే, నాకు నలభై ఆరు. మీ పద్ధతి మంచిదే. కానీ ఆ మధ్య వయసు రాక్ వాగులో పడిన రోజున మళ్లీ అలాంటిది ఎక్కణ్నుంచి తెస్తారు? ఒక సీజన్ ఆగాలి.

షార్లెట్_సుబ్బు
వాగులో వెయ్యకుండా ఆడాలి.

శాన్‌హోసే_హరి
వాగు మాట వచ్చింది కాబట్టి: సెకండ్ హ్యాండ్ గురించి అడిగాడు, ఎవ్వరూ చెప్పలేదు. హాయిగా కొనుక్కో. మా దగ్గర ఒకాయన చెరువుల్లో దిగి డిస్కులు తీసి ఐదారు డాలర్లకి అమ్ముతాడు. నా బ్యాగులో సగం అవే. స్టార్, ఛాంపియన్ ప్లాస్టిక్‌వి, అన్నీ కొత్తవాటిలాగే ఉంటాయి.

డెన్వర్_దొర
వాటి వెనక పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి కదా. ఫోన్ చేస్తారా?

శాన్‌హోసే_హరి
ఆయన తీసినవి ఆయన అమ్మాడు, నేను కొన్నాను. నాకేం సంబంధం?

డెన్వర్_దొర
సంబంధం ఎందుకు లేదు? నంబరు రాసుకునేదే తిరిగి వస్తుందని. దొరికితే ఒక మెసేజ్ పెట్టడం ఈ ఆటలో కనీస మర్యాద. సొంతదారు వద్దంటే ఉంచుకో, అది వేరే మాట. నంబరు ఉన్నది తెలిసి కొంటే అవతలివాడి వస్తువు కొన్నట్టే.

శాన్‌హోసే_హరి
చెరువు అడుగున ఏడాదిగా బురదలో ఉన్నది ఎవరిది? ఒకడు చలిలో దిగి తీస్తే వాడి కష్టానికి విలువ లేదా? మీరు దిగుతారా?

కేరీ_కిరణ్
కష్టానికి రెండు మూడు డాలర్లు తీసుకుని సొంతదారుకే ఇవ్వచ్చు. మా క్లబ్బులో అదే పద్ధతి. షాపులో ఒక పెట్టె ఉంటుంది, పేరు చెప్పి తీసుకోవాలి.

డెన్వర్_దొర
అదే నేనూ అంటున్నది. పోయిన ఏడాది మీ ఊరు వచ్చినప్పుడు నా ఫైర్‌బర్డ్ డిస్క్ చెరువులో పోయింది. నంబరు స్పష్టంగా రాసి ఉంది. ఇప్పటిదాకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడర్థమైంది ఎక్కడుందో.

శాన్‌హోసే_హరి
నన్ను దొంగ అంటున్నారా? మాట జాగ్రత్త.

డెన్వర్_దొర
పేరు పెట్టి అనలేదే.

రాలీ_రఘు
ఏ రంగు ఫైర్‌బర్డ్?

డెన్వర్_దొర
నారింజ. ఎందుకు?

శాన్‌హోసే_హరి
నా దగ్గర నారింజ ఫైర్‌బర్డ్ లేదు. ఉన్నది ఎరుపు. ఇక ఈ విషయం మీద నేను మాట్లాడను.

ప్లేనో_కొత్తోడు
సార్లూ, సెకండ్ హ్యాండ్ వద్దులెండి. గాలి సంగతి ఎవరైనా చెప్తారా? నిన్న ఎదురుగాలిలో నా డ్రైవర్ లేచి కుడికి తిరగబడి కార్ల పార్కింగ్‌లో పడింది.

డెన్వర్_దొర
ఎదురుగాలి అంటే డిస్క్‌కి గాలి వేగం పెరిగినట్టే. నువ్వు 45 మైళ్లతో విసిరినా డిస్క్ మటుకు 60తో పోతున్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకే కుడికి తిరగబడుతుంది. అలాంటి రోజు ఓవర్‌స్టేబుల్ డిస్క్ కావాలి, అంటే ఎడమకి లాగే గుణం ఎక్కువున్నది. ఫైర్‌బర్డ్ 9, 3, 0, 4. అంత వేగం లేకపోతే డిస్‌క్రాఫ్ట్ కంపెనీ జోన్, 4, 3, 0, 3. నీ చేతికి జోనే సరిపోతుంది. వెనకగాలి అయితే తిరగేసి ఆలోచించు: డిస్క్ నెమ్మదిగా ఉన్నట్టే లెక్క, తొందరగా కిందికి దిగిపోతుంది. అప్పుడు లెపర్డ్ లాంటిది.

ఇంకో మాట, ఇక్కడ మేము 5,280 అడుగుల ఎత్తులో ఉన్నాం. గాలి పల్చన. ఇదే డిస్క్ మా దగ్గర తిరగదు, తొందరగా ఎడమకి పోతుంది. నేను టెక్సస్ వచ్చి నా మామూలు డిస్కులు విసిరితే అన్నీ కుడికి దొర్లాయి. కాబట్టి నా బ్యాగు చూసి కొనకు.

షార్లెట్_సుబ్బు
ఎదురుగాలిలో డిస్క్ తిరగబడితే కొత్తది కొనడం కాదు, ముక్కు (డిస్క్ ముందు అంచు) కిందికి పెట్టి విసరడం నేర్చుకోవాలి. లేచింది అంటేనే ముక్కు పైకి ఉంది.

పద్మజ_టాంపెరే
ఇది మాత్రం నిజం.

వైజాగ్_విసురుడు
బీచ్ రోడ్డు నుంచి నమస్తే. నేను అల్టిమేట్ (జట్లుగా ఒకరికొకరు డిస్క్ విసురుకునే ఆట) ఆడతాను. 175 గ్రాముల అల్ట్రాస్టార్ ఒక్కటే, పదేళ్లుగా. ఎదురుగాలి, వెనకగాలి, సముద్రగాలి, అన్నిటికీ అదే. చెయ్యి వంచితే డిస్క్ వంగుతుంది. మీకు పద్దెనిమిది ఎందుకో అర్థం కాదు.

కేరీ_కిరణ్
అల్టిమేట్ డిస్క్ 27 సెంటీమీటర్లు బ్రదర్, అవతల పట్టుకోడానికి మనిషి ఉంటాడు. మాకు అవతల ఇనప చైన్లు. 1983లో ఇన్నోవా కంపెనీవాళ్లు అంచు వాలుగా ఉన్న డిస్క్ తెచ్చారు, ఆట మారిపోయింది. అంతకు ముందు అందరూ మీలాగే ఆడేవారు.

వైజాగ్_విసురుడు
సరే, ఒకటి పంపండి చూస్తాను. ఇక్కడ కొనాలంటే కస్టమ్స్‌తో కలిపి డిస్క్ ధర రెండింతలు అవుతోంది. బాస్కెట్ లేదు, సరుగుడు చెట్టుకి గురి పెడుతున్నాం.

రాలీ_రఘు
డిస్క్ గోల్ఫ్ పితామహుడు ఎడ్ హెడ్రిక్ కూడా అలాగే మొదలెట్టాడు, చెట్లతో, స్తంభాలతో. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో మొదటి శాశ్వత కోర్సు, ఆ తర్వాతే చైన్ల బాస్కెట్. ఆయన పోయాక బూడిదని డిస్కుల్లో కలిపి అచ్చు పోశారు, తెలుసా?

శాన్‌హోసే_హరి
అవి కూడా ఎవరైనా చెరువులో వేసుంటే దొర గారు ఫోన్ చెయ్యమంటారు.

డెన్వర్_దొర
మాట్లాడనన్నారు?

కేరీ_కిరణ్
అసలు పట్టర్‌ని తక్కువ చేస్తున్నారు అందరూ. 2021లో ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ గుర్తుందా? చివరి హోల్. జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి నేరుగా బాస్కెట్‌లో వేసి స్కోరు సమం చేశాడు, ప్లేఆఫ్‌లో పాల్ మెక్‌బెత్‌ని ఓడించి టైటిల్ పట్టుకుపోయాడు. చేతిలో ఉన్నది ఎన్వీ, వేగం మూడు ఉన్న పట్టర్! కొత్తోడి 200 అడుగులకి పట్టర్ ఒక్కటే చాలు. టీ ప్యాడ్ (మొదటి విసురు వేసే గట్టు) మీంచి కూడా అదే విసురు, ఒక నెల. చెయ్యి వంకర ఎక్కడుందో అదే చెప్పేస్తుంది. డ్రైవర్ మాత్రం తప్పుని దాచేస్తుంది.

షార్లెట్_సుబ్బు
ఇన్ని మెసేజీల్లో ఒక్క పనికొచ్చే మాట.

రాలీ_రఘు
కాన్రాడ్ చెయ్యి వేరు, మన చెయ్యి వేరు. కొత్తోడికి డెస్ట్రాయర్ అక్కర్లేదన్నవాళ్లే ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్ని ఉదాహరణ చెప్తున్నారు.

పద్మజ_టాంపెరే
కొత్తోడి ఆవిడ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అడిగినది పైన ఉంది, చదవండి.

రాలీ_రఘు
ఆడవాళ్లకి 150 గ్రాములవి తీసుకో, పింక్ రంగులో.

పద్మజ_టాంపెరే
రఘు గారూ! క్రిస్టిన్ తత్తార్ 2022లోనూ 2023లోనూ మహిళల ప్రపంచ ఛాంపియన్. ఆవిడ దూరం మీ ఏడో హోల్ పల్లం లేకుండానే ఎంతో చూసుకోండి. బరువు చేతి వేగాన్ని బట్టి ఉంటుంది, ఆడా మగా కాదు. కొత్తగా విసిరేవాళ్లెవరికైనా 150 నుంచి 165 మధ్య డిస్కులు తొందరగా వేగం అందుకుంటాయి. కొత్తోడికి కూడా. అయితే గాలిలో తేలికది ఎగిరిపోతుంది, కాబట్టి టెక్సస్‌లో పట్టర్ మాత్రం 170 దాటి ఉండాలి.

ఎడమచేతి డిస్కులని వేరే ఏమీ ఉండవు. డిస్క్ గుండ్రం, అంతే. తిప్పు మాత్రం అటువైపు కాబట్టి అన్నీ అద్దంలోలా తిరగేసి జరుగుతాయి: మీది ఎడమకి వాలితే ఆవిడది కుడికి వాలుతుంది. మీ ఇద్దరూ డబుల్స్ ఆడితే చాలా లాభం. ఎడమకి వంగిన హోల్ మీది, కుడికి వంగినది ఆవిడది. ఫోర్‌హ్యాండ్ (చెయ్యి తన పక్కనుంచే విసరడం, డిస్క్ రెండోవైపు వాలుతుంది) నేర్చుకోనవసరం కూడా రాదు కొన్నాళ్లు. కాబట్టి ఒకే బ్యాగు చాలు, ఇద్దరూ పంచుకోండి. పట్టర్లు మాత్రం ఒకే రకంవి రెండు కొనండి.

ప్లేనో_కొత్తోడు
థ్యాంక్యూ పద్మజ గారూ. ఇప్పటికి అనుకున్నది: ఏవియార్ రెండు, బజ్ (మిడ్‌రేంజ్) ఒకటి, లెపర్డ్ ఒకటి మంచి ప్లాస్టిక్‌లో 160 చుట్టూ, ఎదురుగాలికి జోన్ ఒకటి. స్టార్టర్ సెట్ డ్రైవర్ వాగు దగ్గర హోల్స్‌కి. పోయినా బాధ లేదు. బ్యాగు ఇంకా ఖాళీగానే ఉంటుంది.

షార్లెట్_సుబ్బు
రాక్ వదిలేసి బజ్ కొంటావా? ఎవరు చెప్పారు నీకు?

ప్లేనో_కొత్తోడు
ఆఫీసులో అందరి దగ్గరా అదే ఉంది సార్.

షార్లెట్_సుబ్బు
అందరి దగ్గరా ఉంటే మంచిదా? బజ్ చెడ్డదని అనను. 5, 4, మైనస్ 1, 1. తిన్నగానే పోతుంది. కానీ ఏమీ నేర్పదు.

కేరీ_కిరణ్
తిన్నగా పోవడం కంటే ఇంకేం నేర్పాలి సార్ :)

డెన్వర్_దొర
వాగు ఉంది కాబట్టి ఒక నీళ్లలో తేలే డిస్క్ కూడా పెట్టుకో. ఇన్నోవా డ్రాగన్ తేలుతుంది, పట్టర్లలో హైడ్రా. వెనక నంబరు రాయి. లావు మార్కర్‌తో. శాన్‌హోసే వస్తే మరీ లావుగా.

శాన్‌హోసే_హరి
...

కేరీ_కిరణ్
సబ్జెక్ట్ మారుస్తున్నా, క్షమించాలి. నాకు ఇరవై రెండు డిస్కుల బ్యాగుతో భుజం పోతోంది. చక్రాల బండి కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెట్ల వేళ్ల మీద లాగగలమా?

షార్లెట్_సుబ్బు
ఇరవై రెండు ఎందుకు మోస్తున్నావ్?