రూ.3,800 గది రూ.380కే బుక్ అయింది. హోటల్ వాళ్లు ఇచ్చి తీరాలా?

పాలమూరు_బాటసారి:
సాగర్ గేట్లు ఎత్తారని తెలిసి, శనివారం ఇంటిల్లిపాదీ దేవరకొండ మీదుగా పోదామనుకున్నాం. యాప్‌లో హిల్ కాలనీ వైపు ఒక హోటల్ గది రూ.380కి కనిపించింది. రెండు గదులు బుక్ చేశాను. డబ్బులు కట్ అయ్యాయి, కన్ఫర్మ్ అయిందని మెసేజ్ కూడా వచ్చింది. వారం తర్వాత, ఇవాళ మేనేజర్ ఫోన్: "సార్, అది 3,800. ఒక సున్నా ఎగిరిపోయింది. మిగతాది కట్టండి, లేకుంటే మీరే క్యాన్సిల్ చేసుకోండి." తప్పు వాళ్లది, టెన్షన్ మాకా? ఇచ్చి తీరాల్సిందే అంటాను నేను.

దేవరకొండ_చిన్నోడు:
గేట్లు ఎత్తినప్పుడు సాగర్‌లో 380కి గదా! ఆ డబ్బుతో ఇద్దరికి చేపల ఫ్రై, భోజనం కూడా రావు కదన్నా. నీకు అనుమానమే రాలేదా?

గుట్ట_లాడ్జి_కౌంటర్:
యాదగిరిగుట్టలో కౌంటర్‌లో కూర్చునేవాడిగా చెప్తున్నా. ఏ తేదీకి ఎంత రేటో ప్యానెల్‌లో కొట్టేది రిసెప్షన్ పిల్లగాడే. ఒక చేత్తో ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తూ, ఇంకో చేత్తో తాళాలిస్తూ కొడతాడు. నాలుగైదు యాప్‌లకు కలిపి ఒకటే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కాబట్టి, ఒక్కచోట సున్నా పోతే అన్నింట్లో పోతుంది. మేం కళ్లు తెరిచేసరికి ఫ్లోర్ మొత్తం నిండిపోతుంది. 380లో యాప్ కమీషన్ పోను మిగిలేది దుప్పట్ల ఉతుకుడుకు, జనరేటర్ డీజిల్‌కు చాలదు. పది గదులున్న ఓనర్‌కు అది ఒక్కరోజు నష్టం కాదు, సీజన్ నష్టం. డబ్బు వాపస్ ఇచ్చి, సారీ చెప్తే సరిపోతుంది.

సూర్యాపేట_లా_పాయింట్:
సారీతో పోదు సార్. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 20వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒకే ముఖ్యమైన విషయంలో పొరపాటు పడితే ఒప్పందం చెల్లదు. ఒక్కరే పొరపడినంత మాత్రాన రద్దు చేసుకోలేరని 22వ సెక్షన్ అంటుంది. ఇక్కడ పొరపడింది హోటల్ ఒక్కటే.

అయితే కొన్నాయనకు అది తప్పు రేటని తెలిసి కూడా ఎగబడితే కథ వేరు. సింగపూర్‌లో ఒక వెబ్‌సైట్ 3,854 డాలర్ల ప్రింటర్‌ను 66 డాలర్లకు పెడితే, ఆరుగురు కలిసి 1,606 ఆర్డర్ చేశారు. 2005లో అక్కడి అప్పీలు కోర్టు ఒక్కటి కూడా ఇప్పించలేదు. అది మన కోర్టులు పాటించి తీరాల్సిన తీర్పు కాదు, కానీ హోటల్ లాయర్ ఎత్తేది ఈ వాదనే. పైగా చాలా యాప్‌ల షరతుల్లో, స్పష్టంగా కనిపించే ధర తప్పులకు తాము కట్టుబడమని రాసి ఉంటుంది. మనం చదవకుండానే టిక్ కొడతాం.

పాలమూరు_బాటసారి:
నేను అమ్ముకోవడానికి బుక్ చేయలేదు సార్. రెండు గదులే, మా ఇంటివాళ్లకే. స్క్రీన్ మీద 3,800 కొట్టేసి, పక్కనే ఎర్ర అక్షరాల్లో 90 శాతం తగ్గింపు అని ఉంది. స్క్రీన్‌షాట్ ఉంది. ఆఫర్ అని వాళ్లే రాస్తే నేను అనుమానించాలా?

గుట్ట_లాడ్జి_కౌంటర్:
ఆ శాతం యాప్ దానంతటదే లెక్కగట్టి వేస్తుంది తమ్మీ, హోటల్ రాసింది కాదు. కానీ స్క్రీన్‌షాట్ ఉందంటే నీ మాటకు బలముంది, కాదనను.

కల్వకుర్తి_అక్క:
నాకు రేటు కన్నా, ఎప్పుడు చెప్పారన్నదే ముఖ్యం. బుక్ చేసిన గంటలో ఫోన్ చేస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. మేం ఒకసారి శ్రీశైలం చేరాక, కౌంటర్ దగ్గర "రేటు తప్పు పడిందమ్మా" అన్నారు. అప్పటికే పిల్లలు సోఫాలో చెప్పులతోనే నిద్రపోయారు. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూర్ అడవి గేటు మూసేస్తారు, మళ్లీ తెరిచేది ఆరింటికే. వెనక్కి ఎట్లా పోతాం? అడిగినంతా కట్టాం. అలాంటి చోట హోటల్ నష్టం మాట నేను వినను.

సూర్యాపేట_లా_పాయింట్:
బాటసారి గారూ, ఒక్క మాట. మీ అంతట మీరు క్యాన్సిల్ నొక్కకండి. నొక్కితే మీరే మానుకున్నట్టు రికార్డవుతుంది, చార్జీ కూడా మీకే పడొచ్చు. వాళ్లనే క్యాన్సిల్ చేయమనండి, కారణం మెయిల్‌లో రాయమనండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, తాము ఏకపక్షంగా క్యాన్సిల్ చేసినప్పుడు అలాంటి చార్జీ భరించని సంస్థ మీ దగ్గర కూడా క్యాన్సిలేషన్ చార్జీ వసూలు చేయకూడదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సాగర్ దాకా తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు ఫీజు లేదు. కాకపోతే శనివారానికి గది మాత్రం కమిషన్ ఇప్పించలేదు.

గుట్ట_లాడ్జి_కౌంటర్:
అందుకే కేసు మాట పక్కన పెట్టి ఓనర్‌తో నేరుగా మాట్లాడు తమ్మీ. మేనేజర్‌కు తగ్గించే అధికారం ఉండదు. ఒక గది 380కి, రెండోది మామూలు రేటులో సగానికి అడిగి చూడు.

పాలమూరు_బాటసారి:
మాట్లాడానన్నా. ఆదివారం రాత్రికైతే రెండూ 380కే ఇస్తాడంట. సోమవారం పిల్లలకు బడి ఉంది, ఈలోపు గేట్లు దించేస్తే మేం పోయి చూసేదేంది? శనివారమే కావాలన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు.