ఆఫెన్సివ్ లైన్ కోచ్ అవుతానంటున్నాడు మా అబ్బాయి, దారి తెలిసినవారు చెప్పండి

నమస్కారం అండి. మేము ఒహాయోలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే ఒక డివిజన్ 3 (ఎక్కువగా చిన్న కాలేజీలుండే స్థాయి) కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో లెఫ్ట్ గార్డ్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతూ ముందు నిలబడే ఐదుగురిలో ఒకడన్నమాట, ఆ ఐదుగురినే ఆఫెన్సివ్ లైన్ అంటారు. ఇదే ఆఖరి ఏడాది. చదువయ్యాక కాలేజీలో లైన్ కోచ్‌గా చేరతానంటున్నాడు.

వాడికి జో మూర్ అంటే ప్రాణం. పిట్స్‌బర్గ్, నోటర్ డామ్ యూనివర్సిటీల్లో లైన్ కోచ్‌గా చేసిన ఆయన పేరు మీద 2015 నుంచి ఒక అవార్డు ఇస్తున్నారు. అది ఒక్క ఆటగాడికి కాదు, మొత్తం లైన్‌కి! శామ్ పిట్‌మన్ కూడా ఏళ్ల తరబడి లైన్ కోచ్‌గా చేశాకే 2019 డిసెంబర్‌లో ఆర్కన్సా యూనివర్సిటీ హెడ్ కోచ్ అయ్యారని చెప్తుంటాడు.

ముందు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాలట. మాస్టర్స్ చదువుతూ రాత్రిళ్లు గేమ్ వీడియోలు చూసి నోట్స్ రాయాలి, చేతికొచ్చేది తక్కువ. అది పర్వాలేదు, రెండేళ్లు మేం చూసుకుంటాం. నాకు టెన్షన్ అంతా తర్వాతి సంగతే. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద పనిచేసేవాళ్లు కూడా చాలాసార్లు సామాన్లు సర్దుకోవాల్సిందే కదా. పెళ్లి, పిల్లలు అయ్యాక ఎలా?

డివిజన్ 3లో ఆడినవాళ్లని పెద్ద యూనివర్సిటీలు తీసుకుంటాయా? జనవరిలో జరిగే కోచ్‌ల కన్వెన్షన్‌కి పంపితే ఉపయోగం ఉంటుందా? ముందు ఏదైనా హైస్కూల్లో కోచింగ్ చేయడం మంచిదా? మీ ఇంట్లోగానీ తెలిసినవాళ్లలోగానీ ఎవరైనా ఈ దారిలో వెళ్లి ఉంటే దయచేసి చెప్పండి. వాడిని ఆపాలని లేదు, తెలిసి పంపాలని ఉంది.