ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న నాకు జ్యూరీ సమన్లు వచ్చాయి. నిజంగా వెళ్లాలా?

థేమ్స్_తీరం:

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. నిన్న పోస్టులో నా పేరు మీద జ్యూరీ సమన్లు వచ్చాయి, అంటే కేసు విని దోషో కాదో చెప్పే పన్నెండు మంది మామూలు మనుషుల్లో ఒకరిగా ఫలానా తేదీకి క్రౌన్ కోర్టుకు (పెద్ద నేరాల కేసులు విచారించే కోర్టు) రమ్మని. నాకు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది గానీ సిటిజన్‌షిప్ తీసుకోలేదు, పాస్‌పోర్ట్ ఇప్పటికీ ఇండియాదే. పొరపాటున వచ్చిందేమో అనుకున్నా. మా ఆయనేమో "ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాదని రాసి పంపెయ్, వాళ్లే వదిలేస్తారు" అంటున్నారు. నేను జీపీ సర్జరీ (డాక్టరు క్లినిక్) రిసెప్షన్‌లో పనిచేస్తా. పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు మొదలైతే సాయంత్రం దాకా ఇంగ్లీషే. అలాంటిది అబద్ధం రాయడానికి చేతులు రావడం లేదు.

జీతం, పిల్లల పికప్ సంగతి ఎలాగోలా చూసుకోవచ్చు. అసలు దిగులు వేరే. మాది తెనాలి. కోర్టు గుమ్మం తొక్కాల్సిన రోజు రాకూడదని మా నాన్న ఎప్పుడూ అనేవారు. లా చదవలేదు, ఈ దేశంలో పుట్టలేదు. ఒక మనిషి తప్పు చేశాడో లేదో తేల్చడానికి నేనెవర్ని? వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

మిల్టన్‌కీన్స్_కుర్రోడు:

పొరపాటేం కాదక్కా. ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్లు ఇక్కడ లీగల్‌గా ఉంటే ఓటు నమోదు చేసుకోవచ్చు కదా, మీరూ చేసుకునే ఉంటారు. జ్యూరీకి పేర్లు తీసేది ఆ ఓటర్ల లిస్టులోంచే, కంప్యూటర్ ఎటుపడితే అటు ఏరుతుంది. 18 నుంచి 75 ఏళ్ల వరకు వయసు, పదమూడో ఏడు దాటాక ఈ దేశంలో కనీసం ఐదేళ్లు వరసగా ఉండడం, అంతే. పాస్‌పోర్ట్ రంగు ఎవరూ అడగరు.

ఏడు రోజుల్లో జవాబు పంపాలి. పట్టించుకోకపోతే 1,000 పౌండ్ల దాకా ఫైన్ వేస్తారు. ఆ తేదీల్లో ఇండియా టికెట్లో, ఆపరేషనో ఉంటే వాయిదా అడగొచ్చు. మామూలుగా ఒక్కసారే ఇస్తారు, అదీ ఏడాదిలోపు. ఆఫీసు జీతం కోస్తే కోర్టు కొంత ఇస్తుంది, దానికి రోజుకింత అని పరిమితి ఉంటుంది. ఆ ఫారం మీ మేనేజర్ చేత ముందే నింపించుకోండి. పిల్లల్ని చూసే మనిషికి అదనంగా ఖర్చయితే దానికీ క్లెయిమ్ ఉంది.

లెస్టర్_పెద్దాయన:

అమ్మా, నేను వెళ్లొచ్చినవాణ్ని, అందుకే ఓపిగ్గా రాస్తున్నా. కేసు ఏమిటో చెప్పను. లోపల గదిలో మా పన్నెండు మందీ ఏం మాట్లాడుకున్నామో చెప్పడం నేరం, ఎన్నేళ్లయినా సరే. కానీ అందరి ముందూ కోర్టు హాల్లో జరిగింది చెప్పొచ్చు.

పొద్దున పెద్ద వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. లారీ డ్రైవరు, కాలేజీ పిల్ల, రిటైరైన టీచరు, మెడలో ఐడీ కార్డు తియ్యడం మర్చిపోయిన ఒక నర్సు. తర్వాత మాలో పదిహేను మందిని కోర్టులోకి తీసుకెళ్లారు. క్లర్కు మా పేర్లున్న కార్డులు కలిపి ఒక్కొక్కటే తీసి చదివాడు. నా ఇంటిపేరు, పేరు, చివర్న రావు, అన్నీ కలిపి పాస్‌పోర్ట్‌లో ఎంత పొడుగుందో కార్డు మీదా అంతే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్క అక్షరం వదలకుండా పూర్తిగా చదివాడు. అద్దాల వెనక నిలబడ్డ కుర్రాడితో, అంటే ముద్దాయితో, అంతకుముందే చెప్పాడు: వీళ్లే నిన్ను విచారించబోయేది, ఎవరి మీదైనా అభ్యంతరం ఉంటే ప్రమాణం చేసేలోపు చెప్పు అని. అప్పుడా కుర్రాడు తలెత్తి నావైపు చూశాడు. చేతిలో భగవద్గీత పట్టుకుని, సాక్ష్యాన్ని బట్టి నిజమైన తీర్పు చెబుతానని ప్రమాణం చేశాను. గీత, ఖురాన్, బైబిలు, సిక్కుల ప్రార్థన పుస్తకం, అన్నీ ఆ షెల్ఫులో ఉన్నాయి. దేవుడి పేరు వద్దనుకుంటే ఉత్త మాట ఇచ్చినా చాలు.

మీరడిగిన ప్రశ్న, "నేనెవర్ని" అన్నది, దానికి జవాబు ఈ దేశం ఎనిమిది వందల ఏళ్లుగా వెతుక్కుంటూ వచ్చింది. మొదట్లో దేవుడే తేల్చేవాడు. ఎర్రగా కాల్చిన ఇనుము పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి, చేతికి కట్టు కట్టి మూడో రోజు విప్పి చూస్తారు, పుండు చీము పడితే దోషి. మన సీతమ్మ అగ్నిపరీక్ష గుర్తొస్తుంది కదా. 1215లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ, పూజారులెవరూ ఇలాంటి పరీక్షల్లో పాల్గొనకూడదని నిషేధించింది. పూజారి లేకపోతే పరీక్షకు విలువ లేదు. మరి తేల్చేదెవరు? అంతకు యాభై ఏళ్ల ముందే, 1166లో, రెండో హెన్రీ రాజు ఊళ్లలో పన్నెండేసి మంది చేత ప్రమాణం చేయించి మీలో దొంగలెవరో చెప్పండని అడిగే పద్ధతి పెట్టాడు. అలా పేర్లు చెప్పడానికి పెట్టిన ఊరివాళ్ల చేతికే మెల్లగా తీర్పు కూడా వచ్చింది.

వచ్చినంత మాత్రాన స్వేచ్ఛ ఏం రాలేదు. 1670 సంగతి విను తల్లీ. క్వేకర్లని ఒక మతశాఖ, వాళ్ల ప్రార్థన మందిరానికి సైనికులు తాళం వేస్తే, విలియం పెన్ అనే పాతికేళ్ల కుర్రాడు లండన్ గ్రేస్‌చర్చ్ వీధిలో నిలబడే ప్రసంగించాడు. విలియం మీడ్‌నీ అతన్నీ కలిపి అక్రమ సమావేశం కింద లండన్ క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో విచారించారు. జ్యూరీ ఏమందంటే, "వీధిలో మాట్లాడాడు, అంతవరకూ నిజం". అక్రమ సమావేశం అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు. కోర్టు పెద్దలు మండిపడ్డారు. మాకు కావాల్సిన తీర్పు చెప్పేదాకా కూడూ నీళ్లూ లేవని రెండు రాత్రులు తాళం వేసి ఉంచారు. చివరికి వాళ్లు నిర్దోషి అన్నారు. అన్నందుకు తలా 40 మార్కుల (అప్పటి డబ్బు లెక్క) జరిమానా, కట్టేదాకా న్యూగేట్ జైలు. ఎడ్వర్డ్ బుషెల్ అనే జ్యూరీ సభ్యుడూ ఇంకొందరూ కట్టేది లేదని భీష్మించుకుని, హెబియస్ కార్పస్ (అన్యాయంగా నిర్బంధించారని కోర్టులో వేసే పిటిషన్) వేసి గెలిచారు. ప్రధాన న్యాయమూర్తి జాన్ వాన్ తేల్చిందేమిటంటే, తమ మనసుకు తోచిన తీర్పు చెప్పినందుకు జ్యూరీని ఎవరూ శిక్షించకూడదు. ఆ పెన్నే తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా పెట్టింది. ఆ పన్నెండు మంది ధైర్యానికి గుర్తుగా ఇవాళ్టికీ ఓల్డ్ బెయిలీలో రాతి ఫలకం ఉంది. లండన్ వెళ్తే పిల్లలకు చూపించండి.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరింట్లోనైనా 40 షిల్లింగుల సొమ్ము దొంగిలిస్తే ఉరి. ఆకలికి చేసిన దొంగతనాలకు ఉరి వెయ్యడానికి జ్యూరీలకు మనసొప్పేది కాదు. ఏం చేసేవారంటే, వస్తువు ఎంత ఖరీదైనదైనా సరే, దాని విలువ 39 షిల్లింగులని రాసేవాళ్లు. ఆ ఒక్క షిల్లింగు తేడాతో ప్రాణం దక్కేది. అలా దక్కినవాళ్లు వందల్లో ఉన్నారు. చట్టం చదివిన పెద్దలు పార్లమెంటులో రాసిన శిక్షను, చట్టం చదవని దుకాణదారులు, చేతిపనివాళ్లు ఒక్క అంకె మార్చి ఆపారు. మీరు లా చదవలేదని దిగులుపడుతున్నారే, చదవనివాళ్లు కావాలనే మిమ్మల్ని పిలుస్తున్నారు.

అందరికీ ఈ పిలుపు వచ్చేది కాదు. 1919 చట్టం వచ్చేదాకా ఆడవాళ్లకు జ్యూరీలో చోటే లేదు. ఆ తర్వాత కూడా ఇల్లూ ఆస్తీ లెక్క చూసేవాళ్లు. ఇల్లు మొగుడి పేరు మీదుంటే భార్యకు పిలుపు రాదు. 1970ల్లో ఆ లెక్క తీసేసి ఓటర్ల లిస్టు పెట్టాకే లారీ డ్రైవరూ, మీరూ, నేనూ లోపలికొచ్చాం. అందుకే మీ ఆయన సలహా నాకు నచ్చలేదమ్మా, పెద్దవాణ్ని కాబట్టి అంటున్నా. నిజంగా భాష రానివాళ్లను జడ్జి పంపించెయ్యొచ్చు, చట్టంలో ఆ వీలుంది. అది వాళ్లకోసం. ఆ బోనులో రేపు మన పిల్లవాడు నిలబడితే, ఎదురుగా ఉన్న పన్నెండు మందిలో మనవాళ్లంతా ఇంగ్లీషు రాదని తప్పుకుని ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించమనండి.

గుంటూరు_వకీలు:

పెద్దాయన గారు చెప్పినదానికి మన వైపు కథ కలుపుతాను. బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో ఇంగ్లీషువాళ్లు జ్యూరీలు పెట్టారు. కానీ కుర్చీల్లో ఎవరున్నారన్నదే అసలు విషయం. 1908లో తిలక్ గారి మీద రాజద్రోహం కేసు. తొమ్మిది మంది జ్యూరీలో ఏడుగురు ఐరోపావాళ్లు, ఇద్దరు పార్సీలు. తీర్పు 7-2తో దోషి. తన పత్రిక కేసరిలో మరాఠీలో రాసిన వ్యాసాలకు ఆరేళ్ల ప్రవాస శిక్ష వేసి బర్మాలోని మాండలే పంపారు. పద్ధతి అదే, చట్టం అదే, కూర్చున్నవాళ్లు వేరు.

ఇండియాలో జ్యూరీ పోయింది నానావతి కేసు వల్లేనని అందరూ అంటారు. 1959లో నేవీ కమాండర్ నానావతి మీద పెట్టిన హత్య కేసులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపితే అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ సరేనంది. అంతవరకూ నిజం. కానీ జ్యూరీ తీసెయ్యమని లా కమిషన్ 1958లోనే, ఆ హత్య జరక్కముందే చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా ముగిసింది. పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం ఆ సమాజం నుంచి ప్రతినిధులను కూర్చోబెట్టే పద్ధతి ఉండిపోయింది.

తిలక్ గారి ముందు కూర్చునే అర్హత మనవాళ్లకు దాదాపు లేకుండా పోయింది. మీకు అదే దేశపు కోర్టులో, ఇండియా పాస్‌పోర్ట్‌తోనే కుర్చీ వేస్తున్నారు. వదులుకోకండి మేడం.

థేమ్స్_తీరం:

అందరికీ చాలా థ్యాంక్స్. పెద్దాయన గారూ, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించా. ఏమీ అనకుండా స్కూల్ పికప్ తను చూసుకుంటానన్నారు. ఒకే ఒక్క అనుమానం. పదకొండు మంది ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు అయితే? వాళ్లంతా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. నలుగురిలో గట్టిగా మాట్లాడే అలవాటు నాకు లేదు.

లెస్టర్_పెద్దాయన:

మంచి ప్రశ్నమ్మా. 1967 దాకా పన్నెండు మందీ ఒక్క మాట మీద ఉండాల్సిందే. ఇప్పుడు కూడా మొదట జడ్జి ఏకాభిప్రాయానికే రమ్మంటారు. కనీసం రెండు గంటల పది నిమిషాలు గడిచాక గానీ, కేసు పెద్దదైతే రోజులు గడిచాక గానీ, 11-1 లేదా 10-2 అయినా సరేనని చెప్పరు. అప్పటికీ పది మంది ఒకవైపు రాకపోతే జ్యూరీని పంపించేస్తారు, కేసు మళ్లీ కొత్త జ్యూరీ ముందుకు వెళ్లొచ్చు. కాబట్టి మీ ఒక్కరి మాట పెద్ద బరువేమీ కాదని ఎప్పుడూ అనుకోవద్దు, అలాగే బరువంతా మీ ఒక్కరిదే అనీ అనుకోవద్దు. ఎందుకు అలా అనుకున్నారో మిమ్మల్ని ఎవరూ అడగరు, తీర్పుకు కారణాలు రాయక్కర్లేదు. శిక్ష ఎంతో తేల్చేది జడ్జి, మీరు కాదు. మీకు ఖాయంగా అనిపిస్తేనే దోషి అనాలి. ఆ మాట జడ్జి విడమరిచి చెబుతారు.

ఇంకో సంగతి. మెజారిటీతో దోషి అని తీర్పిస్తే, ఎంతమంది అటు, ఎంతమంది ఇటు అని కోర్టులో చెప్పించుకుంటారు. నిర్దోషి అంటే ఆ లెక్క అడగరు. బయటపడ్డ మనిషిని "ఇద్దరు మాత్రం నమ్మలేదట" అని లోకం వేలెత్తి చూపకూడదని. ఆ పద్ధతి ఆలోచించినవాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

2025 డిసెంబరులో న్యాయమంత్రి లామీ, మూడేళ్ల లోపు శిక్ష పడేలా ఉన్న చాలా కేసులకు జ్యూరీ తీసేసి జడ్జి ఒక్కరి చేతే విచారణ జరిపించాలని ప్రతిపాదించారు. క్రౌన్ కోర్టుల్లో డెబ్బై వేలకు పైగా కేసులు పేరుకుపోయాయి, బాధితులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు, ఆ బాధ నిజమే. అయినా నాకు ఒప్పుదల లేదు. కోర్టు గదులు తెరవండి, జడ్జిలను పెంచండి, పన్నెండు కుర్చీల జోలికి పోకండని మా ఎంపీకి ఉత్తరం రాశాను. మీరు వెళ్లొచ్చాక మీకేమనిపిస్తే అది మీ ఎంపీకి రాయండి.

ఇక పనికొచ్చే ముక్కలు: కోర్టులో ఖాళీగా కూర్చునే సమయం ఎక్కువ, చదువుకోవడానికి ఏదైనా పట్టుకెళ్లండి. హాల్లో ఏసీ చలి, కార్డిగన్ ఉండాలి. ఆ కేసు గురించి గూగుల్‌లో ఒక్క ముక్క కూడా వెతకొద్దు, ఫేస్‌బుక్‌లో ఆ మనిషి పేరు కొట్టొద్దు, దానికి జైలు శిక్ష పడ్డవాళ్లున్నారు. ఇంట్లో వాళ్లకీ చెప్పొద్దు, మీ ఆయన ఎంత అడిగినా. గీత కావాలంటే లోపలికి వెళ్లేముందే అషర్‌కు (జ్యూరీని చూసుకునే కోర్టు ఉద్యోగి) చెప్పండి, తీసి పెడతారు.