గడులు మారిస్తే జవాబు మారిపోతోంది. ఈ ప్లాస్మా సిమ్యులేషన్‌ని నమ్మొచ్చా?

కోనసీమ_అమ్మాయి:
మాది అమలాపురం దగ్గర పల్లె. కాకినాడలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా తిరిగే ప్లాస్మాలోంచి (కరెంటు పారే వేడి వాయువులోంచి) చిన్న పెట్టెంత ముక్క తీసుకుని, అయస్కాంత క్షేత్రం దాన్ని ఎలా కలబెడుతుందో కంప్యూటర్‌లో చూడటం నా ప్రాజెక్టు. 1991లో బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సంగతే. లోపలి ప్లాస్మా వేగంగా, బయటిది నెమ్మదిగా తిరుగుతుంటుంది. రెంటినీ కలిపే క్షేత్రరేఖ కొబ్బరితాడులా బిగుసుకుని లోపలిదాన్ని వెనక్కి లాగుతుంది. లాగబడినది ఇంకా లోపలికి జారుతుంది. పదార్థం కృష్ణబిలంలోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకి ఇదే ముఖ్యమైన జవాబు.

పెట్టెని ఒక్కో వైపు 64 గడులుగా కోసి నడిపితే, పదార్థాన్ని లోపలికి జార్చే ఆ లాగుడు ఎంతో చెప్పే అంకె (దాన్నే ఒత్తిడి అంటాం) ఒకటి వచ్చింది. 128 చేస్తే దాదాపు సగమైంది! క్షేత్రాన్ని కరిగించేది ప్లాస్మాలోని విద్యుత్ నిరోధం, దాన్ని సమీకరణాల్లో సున్నా అని పెట్టాను. అయినా క్షేత్రం కరిగిపోతోంది. కరిగిస్తున్నది ప్రకృతి కాదు, నా గడులు. "అందరూ ఇలాగే చేస్తారు, రాసేయ్" అంటున్నారు క్లాసులో. రాయకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

కాలవగట్టు:
అమ్మా, నాకు ప్లాస్మా తెలియదు, నీళ్లు తెలుసు. ధవళేశ్వరం కింద కాలువల మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. కాలువలో సుడులన్నీ ఎవరూ లెక్కపెట్టరు. కాలువలో నీటి వేగం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో గరుకుదనానికి ఒక అంకె వేస్తాం, మట్టి కాలువకి 0.025 దరిదాపుల్లో. ఆ లెక్కతోనే శివారు పొలాలకి నీళ్లిచ్చాం. చిన్న సుడులు చేసే పని పెద్ద లెక్కలో ఒక్క అంకెగా వస్తే చాలదా? మీ గడులు చేస్తున్నదీ అలాంటిదే అనుకోవచ్చుగా.

కోనసీమ_అమ్మాయి:
మాస్టారూ, మీ 0.025 పారే నీళ్లని కొలిచి తెచ్చిన అంకె. కాగితం మీద కాలువని ఎన్ని ముక్కలుగా గీసినా అది మారదు. నాది గడి సైజుతో పాటే మారుతోంది. అలాంటప్పుడు నేను కొలిచింది ప్లాస్మానా, గడినా?

ఉప్పుటేరు:
చెల్లెమ్మా, మాది భీమవరం. ఇలాంటి కోడ్‌లతోనే పదేళ్లుగా పని. నువ్వు చూసినది కొత్త కాదు. 2007లో ఫ్రొమాంగ్, పాపలోయిజూ అనే శాస్త్రవేత్తలు ఇదే చూశారు. పెట్టె మొత్తం మీద నికర క్షేత్రం (ఎదురెదురువి కొట్టేయగా మిగిలేది) సున్నా అయితే, గడులు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఒత్తిడి సుమారు సగానికి పడిపోయింది. దాన్ని దాచకుండా అదే ఫలితంగా ప్రచురించారు. తర్వాత స్నిగ్ధతనీ (ప్లాస్మా చిక్కదనాన్నీ) నిరోధాన్నీ సమీకరణంలోనే రాసి చూస్తే, నిరోధంతో పోలిస్తే స్నిగ్ధత పెద్దదైనప్పుడు టర్బులెన్స్ (సుడుల అల్లకల్లోలం) నిలిచింది, చిన్నదైతే ఆరిపోయింది. కాబట్టి మాస్టారు గారూ, చిన్న సుడులని ఒక అంకెలో మూటకట్టేయడం ఇక్కడ కుదరదండి. అవి ఎలా చస్తాయన్న దాని మీదే పెద్దవాటి బతుకు ఆధారపడి ఉంది.

అయితే ప్రతిచోటా ఇంతే అనుకోకు. సూర్యుడి బయటి వాతావరణం, కరోనా తీసుకో. అక్కడ నిరోధం ఎంత తక్కువో చెప్పే లండ్‌క్విస్ట్ సంఖ్య లక్ష కోట్ల స్థాయిలో ఉంటుంది. ఏ కంప్యూటరూ దాని దగ్గరికి పోలేదు. 1950ల నాటి స్వీట్, పార్కర్ లెక్క ప్రకారం క్షేత్రరేఖలు తెగి అతుక్కోవడానికి నెలలు పట్టాలి. కానీ అలా తెగి అతుక్కోవడం వల్లే పుట్టే సౌరజ్వాల నిమిషాల్లో ఎగుస్తుంది. ఆ సంఖ్య సుమారు 10,000 దాటితే రేఖలు తెగేచోట ఉండే పల్చటి విద్యుత్ పొర ముక్కలైపోతుందనీ, అక్కడి నుంచి తెగే వేగం నిరోధం మీద దాదాపు ఆధారపడదనీ తర్వాత తేలింది. అంటే అసలు సంఖ్యని అందుకోకపోయినా, ఆ హద్దు దాటి, పొరని సరిగ్గా పట్టే గడులుంటే జవాబుకి విలువుంటుంది.

నీ పెట్టెలో నిలువుగా కొంచెం నికర క్షేత్రం పెట్టి చూడు. పెట్టెలో అది చెరగదు కాబట్టి టర్బులెన్స్‌కి ఆసరా దొరుకుతుంది.

కాలవగట్టు:
ఇప్పుడు అర్థమైంది బాబూ. కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే మా 0.025 కూడా పనికిరాదు, మళ్లీ కొలవాల్సిందే. మీ గడులది ఎవరూ కొలవని గుర్రపుడెక్క. అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పూర్తిగా కొలవలేమని పని మానుకోవద్దు.

కోనసీమ_అమ్మాయి:
మానుకోను మాస్టారూ. అన్నయ్యా, స్నిగ్ధత, నిరోధం రెండూ సమీకరణంలో చేర్చాను. గడులు రెట్టింపు చేస్తే పని 16 రెట్లవుతుంది, ఎందుకంటే గడులు 8 రెట్లు, పైగా కాలపు అడుగు (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) సగం. 256 మా ల్యాబ్ కంప్యూటర్ మోయలేదు. అందుకే నికర క్షేత్రంతో ఒకసారి, లేకుండా ఒకసారి, 64, 96, 128 నడిపి అన్నీ ఒకే గ్రాఫ్‌లో పెడతాను. ఒత్తిడి తగ్గుతూ పోతే తగ్గుతోందనే రాస్తాను. మొదటిది ఈ రాత్రే మొదలైంది. వానకి కరెంటు పోతుందని టెన్షన్‌గా ఉంది, గంటకోసారి సేవ్ అయ్యేలా పెట్టాను.