గయకు వెళ్తున్నాం, బోధి వృక్షం దగ్గరికి అమ్మను తీసుకెళ్లొచ్చా?

తిరుచానూరు అమ్మాయి:
మహాలయ పక్షంలో నాన్నకు పిండప్రదానం చేయించడానికి గయకు వెళ్తున్నాం. బోధగయలో మహాబోధి ఆలయం కూడా చూడాలని అమ్మ కోరిక. ఆమెకు మోకాళ్ల నొప్పులు. గయలో పని కాగానే సాయంత్రం ఆటోలో వెళ్లి వచ్చేయొచ్చా?

పీలేరు అన్న:
దూరం పదిహేను కిలోమీటర్లలోపేనమ్మా, కానీ అదే రోజు పెట్టుకోవద్దు. ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం, మూడు చోట్లా పిండాలు పెట్టేసరికి పెద్దవాళ్లు అలిసిపోతారు. ఆ పక్షంలో జనం కూడా విపరీతం. రాత్రికి బోధగయలో గది తీసుకుని తెల్లవారుజామునే గుడికి వెళ్లండి. మధ్యాహ్నమైతే పాలరాయి కాళ్లు కాలుస్తుంది.

మదనపల్లె టీచర్:
ఆలయం చుట్టుపక్కల నేల కన్నా పల్లంలో ఉంటుంది, మెట్లు దిగాలి. దిగలేకపోతే పై దారి నుంచి కూడా చెట్టు, గోపురం కనిపిస్తాయి. చెట్టు గుడి వెనక పడమటి వైపు. చెట్టుకూ గోడకూ మధ్య వజ్రాసనం ఉంది, బుద్ధుడు కూర్చున్న చోటని చెప్పే రాతిపలక. చుట్టూ కంచె, కొమ్మలకు ఇనుప ఊతాలు. మా అత్తమ్మ అక్కడ తెల్ల చీరల్లో వచ్చిన శ్రీలంక ముసలమ్మల పక్కన కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా లేచేటప్పుడు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆ గంట కోసమైనా అమ్మను తీసుకెళ్లండి.

చిత్తూరు రవాణా:
2,500 ఏళ్ల చెట్టు! చూడగానే ఒళ్లు పులకరించింది.

చంద్రగిరి:
అదే చెట్టు కాదన్నా. పాతది 1876లో గాలివానకు కూలిపోతే, 1881లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ దాని మొక్కనే అక్కడ నాటించాడు. అశోకుడి కూతురు సంఘమిత్ర శ్రీలంకకు తీసుకెళ్లిన కొమ్మ అనురాధపురంలో చెట్టై ఇప్పటికీ ఉంది. ఇది తెలిశాక నాకు గౌరవం ఇంకా పెరిగింది. కూలిన చోటే మళ్లీ నాటుకున్నారు, ఆ పట్టుదలకు దండం పెట్టాలి. దయచేసి ఎవరూ ఆకు కోయకండి. రాలింది దొరికితే చాలు.

పీలేరు అన్న:
ఇంకో మాట. 2013లో పేలుళ్లు జరిగాక తనిఖీ గట్టిగా ఉంది, ఫోన్లు లోపలికి పంపరు. తిరుమలలో లాగే కౌంటర్లో ఇచ్చి వెళ్లాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో అమ్మకు ముందే చెప్పి పెట్టండి.

తిరుచానూరు అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. తిరుగు టికెట్ ఒక రోజు తర్వాతకి మార్చుకున్నాం. పై దారి నుంచి చూద్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, మెల్లగా దిగుతానంటోంది.