యెరూషలేములో సమాధి దగ్గర ఏమీ అనిపించలేదు, ఆదివారం సాక్ష్యం ఏం చెప్పాలి?

ఓడరేవు కుర్రోడు:
అందరికీ వందనాలు. పోయిన నెల అమ్మని తీసుకుని సంఘం వాళ్లతో హోలీ ల్యాండ్ టూర్ వెళ్లొచ్చా. ఈ ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం, అంటే అక్కడ నాకు కలిగిన అనుభవం, చెప్పమని పాస్టరు అయ్యగారు అడిగారు, అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. యెరూషలేములో యేసు ప్రభువు సమాధి మీద కట్టిన చర్చిలో రెండు గంటలు లైన్లో నిలబడ్డాం, లోపల మోకరించామో లేదో పదండి పదండి అని పంపేశారు. గుడ్ ఫ్రైడే రోజు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు వింటూ పెరిగినోణ్ణి, అక్కడికెళ్తే ఏడ్చేస్తాననుకున్నా, ఏమీ రాలేదు. గుమ్మం లోపల ప్రభువు దేహానికి సుగంధ ద్రవ్యాలు పూశారని చెప్పే రాయి ఉంది కదా, అమ్మ దాని మీద చీర కొంగుతో తుడుస్తూ కూర్చుండిపోయింది. ఇప్పుడున్న పలక 1810లో వేసిందని గైడ్ చెప్పాడు, నాకు అదే బుర్రలో తిరిగింది, అమ్మకి చెప్పబుద్ధి కాలేదు.

గలిలయ సరస్సు ఒడ్డున కపెర్నహూము అనే పాత ఊళ్లో మాత్రం వేరేగా అయ్యింది. యూదుల తెల్లరాతి సమాజమందిరం, దాని కింద నల్లరాతి పునాది, కాస్త దూరంలో అవే నల్లరాళ్లతో చిన్న చిన్న ఇళ్ల గోడలు, ప్రభువు శిష్యుడు పేతురు ఇల్లు అంటారే అదీ అక్కడే. నేను వలలు బాగుచేసుకునే ఇళ్ల మధ్య పెరిగాను. ఇంత ఇరుకు ఇంటి ముందుకే కదా పొద్దుగూకాక ప్రభువు దగ్గరికి రోగుల్ని మోసుకొచ్చింది అనుకోగానే గొంతు పట్టేసింది. అక్కడ రానిది ఇక్కడెందుకొచ్చింది? నా విశ్వాసంలో లోపమా?

బాపట్ల మాస్టారు:
లోపమేం లేదు బాబూ. ఈ కొండ మీదా కాదు యెరూషలేములోనూ కాదు, ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలి అని సమరయ స్త్రీకి ప్రభువు చెప్పింది అదే. మమ్మల్ని యెరూషలేము పాత ఊరి దమస్కు గుమ్మం బయట, ప్రభువు సమాధి ఇదే అని కొందరు చెప్పే తోట సమాధికి కూడా తీసుకెళ్లారు, కచ్చితంగా ఇదే చోటని అక్కడివాళ్లు కూడా పట్టుబట్టరు. చోటు కోసం మనసు కష్టపెట్టుకోకు.

గుణదల ఆడపడుచు:
మాస్టారు గారూ, చోటు అక్కర్లేదంటే నేను ఒప్పుకోనండీ. మేం ఆర్‌సీఎం, కథోలికులం. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి కొండ మీద సిలువ దాకా ఎక్కుతాం, కాళ్లు నొప్పి పుట్టాకే నాకు ప్రార్థన మొదలవుద్ది. బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోట ఉన్న చర్చి గుమ్మం నాలుగడుగులే, ఎవరైనా వంగాల్సిందే. మా అత్తయ్య వంగలేక నా భుజం పట్టుకుంది, అప్పటికి మా ఇద్దరికీ మూడు నెలలుగా సరిగా మాటల్లేవు. బస్సులో వెయ్యి వాక్యాలు విన్నా అది జరిగేది కాదు. తమ్ముడూ, ఆ రాయి దగ్గర ఏం ప్రార్థన చేసుకున్నారో అమ్మగారిని అడిగావా?

కేర్‌గివర్ చెల్లి:
నేను యెరూషలేములోనే ఒక ముసలమ్మని చూసుకుంటా అన్నా, తొమ్మిదేళ్లయ్యింది. టూర్ బస్సులొచ్చే టైముకి ఎవరికైనా అంతే. తెల్లారకముందు సమాధి చర్చి తలుపు తీసేటప్పుడు రావాలి. తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గరుంటుంది, తలుపు తీసే పని ఇంకో ముస్లిం కుటుంబానిది, వందల ఏళ్లుగా అంతే. లోపలోళ్లు తలుపుకున్న చిన్న కిటికీలోంచి నిచ్చెన అందిస్తే తలుపు తీసేవాడు ఎక్కి పై తాళం తీస్తాడు, ఆ చెక్క చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నాక్కూడా మొదటి ఏడాది ఏమీ అనిపించలేదు, ఎంత భాగ్యమే నీది అని ఇంటి దగ్గరోళ్లు ఫోన్లో అంటే అవునని అబద్ధం చెప్పేదాన్ని, చెప్పినకొద్దీ ఇంకా ఎండిపోయేదాన్ని. మీరు అలా చెయ్యొద్దు. రాలేదంటే రాలేదనే చెప్పండి, వినేవాళ్లలో నాలాంటోళ్లు ఉంటారు.

ఓడరేవు కుర్రోడు:
అక్కా, రాత్రి అమ్మని అడిగా. మా నాన్న కోవిడ్‌లో పోయారు, ఒళ్లు కడగనివ్వలేదు, దూరం నుంచే చూపించారు. ఆ రాయి తుడుస్తూ నాన్నకి చేస్తున్నట్టే అనుకుందంట. ఆ కొంగు ఇంకా ఉతకలేదు. 1810 సంగతి ఇక ఎప్పటికీ చెప్పను. ఆదివారం కపెర్నహూము గురించి నేను చెప్తా, సమాధి గురించి అమ్మ చెప్తానంది.