మాన్యువల్లో హెచ్చరిక పెట్టెలు ఎవరూ చదవట్లేదు, ఎన్ని ఉంచాలి?

ప్రశ్న (కావలి నుంచి)

నెల్లూరులో రొయ్యల గుంటలకి ఏరేటర్ (రెక్కలు తిప్పి నీళ్లలో గాలి కలిపే మోటారు మిషన్) స్విచ్ ప్యానెళ్లు చేసే చిన్న వర్క్‌షాపులో పనిచేస్తా ఉన్నా. వాటికి తెలుగు మాన్యువల్ రాసేది నేనే. 8 పేజీలు, అందులో 14 పెట్టెలు. గమనిక, ముఖ్యం, జాగ్రత్త, హెచ్చరిక అని ఒక్కోదానికి ఒక్కో రంగు వేశా.

పోయిన వారం ఇందుకూరుపేట దగ్గర మా మామ గుంటల కాడికి తీసుకుపోయి చదవమన్నా. పెట్టెలన్నీ దాటేసి, నంబర్లు వేసిన పనుల దగ్గరికే పోయాడు. ఎందుకు మామా అంటే, "ఆ డబ్బాల్లో కంపెనీ వాళ్ల గొప్పలుంటాయిలే అమ్మాయ్" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మొదటి పేజీలో మూడు పెట్టెలుంటే ఒకటి గ్యారంటీ, ఒకటి సర్వీసు నంబరు, ఒకటి ధన్యవాదాలు.

ఆయన దాటేసిన వాటిలోనే ఉంది అసలుది: స్విచ్ ఆటోలో ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుందని. రెక్కలకి చుట్టుకున్న నాచు తీసేటప్పుడు మనిషి నడుంలోతు నీళ్లలో ఉంటాడు. మా మామ కూడా దిగుతాడు. ఎన్ని పెట్టెలు తీసేయాలి, మిగిలినవి ఎక్కడ పెట్టాలి?

జవాబు (ఒంగోలు, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లు రాస్తాను)

చెల్లెమ్మా, మా పనిలోనూ ఇదే గొడవ. సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో నోట్, టిప్, ఇంపార్టెంట్, వార్నింగ్, కాషన్ అని 5 రకాల పెట్టెలున్నాయి. అయినా ఒక వ్యాసంలో ఒకటీ రెండుకి మించొద్దు, పక్కపక్కన పెట్టొద్దు అని వాళ్ల సూచనల్లోనే ఉంది. నేను చేసేదేమంటే, పెట్టెలోని మాటని తీసి మామూలు పేరాలో కలిపేస్తా. అక్కడ హాయిగా ఇమిడిపోతే అది పెట్టె మాట కాదు. గ్యారంటీ, ఫోన్ నంబరు చివరి పేజీకి పంపించు.

జవాబు (చీమకుర్తి, గ్రానైట్ కోత మిషన్ల మెయింటెనెన్స్)

మా మిషన్ల పుస్తకాల్లో మాన్యువళ్లలో హెచ్చరికలు ఎట్లా రాయాలో చెప్పే అమెరికా ప్రమాణం ఆన్సీ జెడ్535.6 పద్ధతి కనిపిస్తుంది. డేంజర్ అంటే తప్పించుకోకపోతే చావో తీవ్రమైన గాయమో ఖాయం. వార్నింగ్ అంటే అంతటిదే జరగొచ్చు. కాషన్ చిన్నపాటి గాయాలకి. మిషన్ మాత్రమే పాడయ్యే సంగతైతే నోటీస్. మీరు మోటారు కాలిపోవడానికీ మనిషి చెయ్యి పోవడానికీ 'జాగ్రత్త' అనే ఒక్క మాటే వాడుంటే ముందు దాన్ని విడదీయండి.

రెండోది, హెచ్చరిక ఆ పనికి ముందే రావాలి. "రెక్కలు శుభ్రం చేయండి" అని రాసి, కింద "ముందుగా కరెంటు తీయండి" అని పెట్టె గీస్తే అప్పటికే మనిషి నీళ్లలో ఉంటాడు. పెట్టెలో మూడు ఉండాలి: ప్రమాదం ఏంటి, ఏం జరుగుతుంది, ఎట్లా తప్పించుకోవాలి. "జాగ్రత్తగా ఉండండి" అని వదిలేస్తే ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది?

జవాబు (కోట, 6 ఎకరాల గుంటలు)

మా చేతికొచ్చేది జిరాక్సు కాపీనే అమ్మా. పసుపు పెట్టె దాంట్లో తెల్లగా పోతుంది. రంగుని నమ్ముకోకుండా మందపాటి నల్లగీత గీసి, పైన పెద్దక్షరాలతో ఆ మాట రాయి. పుస్తకం షెడ్డులో ఉంటుంది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు పరిగెత్తేది ప్యానెల్ కాడికి. ఆ ఒక్క పెట్టెనీ ప్యానెల్ తలుపు మీద అంటించు.

కావలి నుంచి మళ్లీ

అందరికీ దండాలు. 14 పెట్టెల్ని 3 చేశా. మొదటిది ఇట్లా రాసి ప్యానెల్ తలుపు మీద అంటించా: "ప్రమాదం. ఆటోలో ఉంటే కరెంటు రాగానే రెక్కలు తిరుగుతాయి. చెయ్యి తెగిపోతుంది. గుంటలో దిగేముందు మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి."

ఈసారి మామ పైకి చదివాడు, రెండుసార్లు. చదివి, "మెయిన్ ఫ్యూజులు నా జేబులో ఉన్నా, గట్టు మీద ఉన్నోడు కరెంటు లేదని జనరేటర్ వేస్తే ప్యానెల్‌కి సప్లై వస్తుంది గదమ్మా" అన్నాడు. మేం మెయిన్ ఫ్యూజులు పెట్టేది చేంజోవర్ స్విచ్‌కి (లైను నుంచి జనరేటర్‌కి మార్చేది) ముందు, లైను వైపున. ఆయన చెప్పింది నిజం. "మెయిన్ ఫ్యూజులు" కొట్టేసి "ప్యానెల్‌లో ఆ ఏరేటర్ ఫ్యూజులు" అని మార్చా. ముందిచ్చిన 11 ప్యానెళ్ల తలుపులకి ఈ ఆదివారం నేనే తిరిగి అంటించి వస్తా.